లినక్స్ లాప్‌టాప్ ఫ్యాన్‌ని చిన్న సర్వీసుతో నడపడం: ఉత్తరాంధ్ర ఉక్కపోతకు సరిపడే సమగ్ర మార్గదర్శి

లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్నాక చాలామందికి మొదట ఎదురయ్యే చిరాకు ఫ్యాన్‌దే. కొన్ని లాప్‌టాప్‌లలో ఏ పనీ లేకపోయినా హోరుమని తిరుగుతూనే ఉంటుంది. కొన్నింట్లో బాగా ఆలస్యంగా మొదలవుతుంది, అప్పటికే కీబోర్డు మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏసీ లేని గదుల్లో చదువుకునే పిల్లలకి, ఇంటి నుంచే ఉద్యోగం చేసేవాళ్లకి మే నెలలో ఈ రెండో రకం నిజంగా టెన్షన్. కరెంటు పోతే పైన తిరిగే ఫ్యాన్ కూడా ఆగుతుంది. గది వేడి, లాప్‌టాప్ వేడి రెండూ ఒకేసారి పెరుగుతాయి.

దీనికి పరిష్కారం ఉంది. వెనకాల నిశ్శబ్దంగా నడుస్తూ, కొన్ని సెకన్లకోసారి ప్రాసెసర్ వేడి చూసి, మనం చెప్పిన అంకెల ప్రకారం ఫ్యాన్ వేగం మార్చే చిన్న సర్వీసు పెట్టుకోవచ్చు. దాన్ని మొదటి నుంచి చివరి వరకు ఎలా పెట్టుకోవాలో ఇక్కడ చెబుతాను. రెండు విషయాలు మాత్రం ఎంత తొందరలో ఉన్నా వదలొద్దు. ఒకటి, ఎవరో ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని రాసుకున్న అంకెలు మన గదికి పనికిరావు. మీ గదిలో కొలిచి మీ అంకెలు మీరే పెట్టుకోవాలి. రెండు, ఫ్యాన్‌ని మన చేతిలోకి తీసుకునే ముందే దాన్ని మళ్లీ కంపెనీ ఆటో పద్ధతికి అప్పగించే దారి సిద్ధం చేసుకోవాలి.

కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. అంకెలు, గీతలు, చుక్కలు ఉన్నవి ఉన్నట్టే. సెట్టింగ్ ఫైళ్లలో మాత్రం కొన్ని పేర్లకి పెద్దక్షరాలు ఉంటాయి, అవి తప్పితే పనిచెయ్యదు. అక్కడికి వచ్చినప్పుడు గుర్తుచేస్తాను.

ఫ్యాన్‌ని అసలు నడిపేది ఎవరు

లాప్‌టాప్ మదర్‌బోర్డు మీద ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ ఉంటుంది. అందరూ ఈసీ అంటారు. కీబోర్డు, బ్యాటరీ చార్జింగ్, మూత తెరిచారా మూశారా అన్న సంగతి, ఫ్యాన్, ఇవన్నీ అది చూసుకుంటుంది. విండోస్ ఉన్నా లినక్స్ ఉన్నా మామూలుగా ఫ్యాన్‌ని తిప్పేది ఈసీనే. కాకపోతే కొన్ని కంపెనీలు విండోస్‌లో తమ సొంత ప్రోగ్రాం ఒకటి పెట్టి, దాని ద్వారా ఈసీకి "నెమ్మదిగా తిప్పు", "గట్టిగా తిప్పు" అని చెప్పిస్తాయి. లినక్స్‌లో ఆ ప్రోగ్రాం ఉండదు. ఈసీ తనకి మొదట నేర్పిన పద్ధతిలోనే పోతుంది. తేడా అక్కడ వస్తుంది.

ఈసీ లోపల 256 చిన్న గడులు ఉంటాయి, వాటిని రిజిస్టర్లు అంటారు. ఏదో ఒక గడిలో ఫ్యాన్ వేగం ఉంటుంది. పక్క గడిలో బ్యాటరీ సంగతో, కీబోర్డు లైటో ఉండొచ్చు. ఏ గడిలో ఏముందో కంపెనీలు బయటపెట్టవు, మోడల్ మోడల్‌కీ మారిపోతుంది. తప్పు గడిలో అంకె రాస్తే ఫ్యాన్‌కి బదులు చార్జింగే ఆగిపోవచ్చు. సాధారణంగా లాప్‌టాప్ పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేస్తే సర్దుకుంటుంది గానీ, ఊహించి రాసే పని కాదిది.

కొన్ని లాప్‌టాప్‌లకి లినక్స్‌కి గుండె లాంటి కెర్నల్‌లోనే సరైన డ్రైవర్ ఉంటుంది. అప్పుడు /సిస్/క్లాస్/హెచ్‌డబ్ల్యూమాన్ అనే ఫోల్డర్ కింద పీడబ్ల్యూఎం1 అనే ఫైల్ కనిపిస్తుంది. అందులో 0 నుంచి 255 వరకు అంకె రాస్తే అదే ఫ్యాన్ వేగం. దాని పక్కనే పీడబ్ల్యూఎం1_ఎనేబుల్ అనే ఫైల్ ఉంటుంది. చాలా డ్రైవర్లలో అందులో 1 ఉంటే మన చేతిలో, 2 ఉంటే ఆటోలో ఉన్నట్టు. ఇలా దొరికితే అదృష్టమే. చాలా లాప్‌టాప్‌లలో దొరకదు, ఈసీ గడుల దాకా వెళ్లాల్సిందే.

సాఫ్ట్‌వేర్ కంటే ముందు దుమ్ము

ఇది దాటి ముందుకెళ్లకండి. ఫ్యాన్ గాలి రాగి రేకుల మధ్య నుంచి బయటికి పోతుంది. ఆ రేకులకి, ఫ్యాన్‌కి మధ్య సందులో నూలు పోగులు, దుమ్ము కలిసి దూదిలా పేరుకుపోతాయి. పొందూరు వైపు నేత ఇళ్లలో, నెల్లిమర్ల జూట్ మిల్లు చుట్టుపక్కల, పలాస జీడి బట్టీల దగ్గర వాడే లాప్‌టాప్‌లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పు గాలి తేమతో కలిసి ఆ దుమ్మును రేకులకి అంటించేస్తుంది. దారి మూసుకుపోయాక ఫ్యాన్‌ని ఎంత వేగంగా తిప్పినా గాలి బయటికి పోదు, చప్పుడు మాత్రం పెరుగుతుంది.

లాప్‌టాప్ ఆపి, చార్జర్ తీసి, వెనక మూత విప్పి, వీలైతే బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని టూత్‌పిక్‌తో కదలకుండా పట్టుకోండి. గాలికి అది విపరీతంగా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. నాలుగైదేళ్లు దాటిన లాప్‌టాప్ అయితే థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని రాగి పలకకి చేర్చే పూత) కూడా మార్పించండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే ఎన్నేళ్లదని ఆలోచించకుండా మార్పించడమే మంచిది. మూత విప్పడం అలవాటు లేకపోతే ఊళ్లో రిపేరు చేసేవాళ్ల దగ్గర కూర్చుని చేయించుకోండి.

పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడే అలవాటు ఉంటే మానాలి. కింద గాలి పీల్చుకునే రంధ్రాలు మూసుకుపోతే ఏ సర్వీసూ కాపాడలేదు.

మీ గది లెక్క తీయండి

ముందు వేడి చూడగలగాలి. ఉబుంటు, డెబియన్, మింట్ వాడేవాళ్లు ఇలా:

సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ఎల్ఎం-సెన్సర్స్
సుడో సెన్సర్స్-డిటెక్ట్
సెన్సర్స్

రెండో కమాండ్ ప్రశ్నలు అడుగుతుంది. ఎంటర్ కొడుతూ పోతే సురక్షితమైన జవాబులే తీసుకుంటుంది. మూడోది ఉష్ణోగ్రతలు చూపిస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్‌కి కోర్‌టెంప్ అని, ఏఎండీకి కే10టెంప్ అని వస్తుంది. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఉంటే దాని వేడి కూడా విడిగా కనిపిస్తుంది. ఫ్యాన్ వరసలో ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) అంకె కనిపిస్తే మీ లాప్‌టాప్ ఫ్యాన్ వేగాన్ని లినక్స్ చదవగలుగుతోందని అర్థం. కనిపించకపోయినా కంగారు పడొద్దు.

అంకెలు మారుతుండగా చూడాలంటే: వాచ్ -ఎన్ 2 సెన్సర్స్

ఇప్పుడు అసలు పని. గోడకి థర్మామీటర్ ఉంటే మంచిది, లేకపోతే ఫోన్‌లో ఊరి ఉష్ణోగ్రత చూసి ఉజ్జాయింపుగా రాసుకోండి. లాప్‌టాప్‌లో ఏ పనీ లేకుండా పావుగంట వదిలేసి ప్రాసెసర్ వేడి రాసుకోండి. తర్వాత బ్రౌజర్‌లో వీడియో పెట్టి ఇంకో పావుగంట తర్వాత మళ్లీ రాసుకోండి. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం రెండు గంటలకి ఒకసారి ఈ పని చేయండి.

ఎందుకంటే ప్రాసెసర్ ఎప్పుడూ గది కంటే చల్లగా ఉండలేదు. గది వేడికి ప్రాసెసర్ తన వేడిని కలుపుకుంటుంది. అదే పని, అదే ఫ్యాన్ వేగం అయితే ఆ కలిసే వేడి దాదాపు ఒకేలా ఉంటుంది. ఉదాహరణకి డిసెంబర్‌లో గది 24 డిగ్రీలు, ప్రాసెసర్ 43 డిగ్రీలు అనుకోండి. తేడా 19. మే నెలలో గది 36 అయితే అదే లాప్‌టాప్ ఏ పనీ లేకుండానే 55 దగ్గర కూర్చుంటుంది. దాని తప్పేం లేదు. ఇప్పుడు 22 డిగ్రీల ఏసీ గదిలో ఎవరో "45 దాటితే ఫ్యాన్ వేగం పెంచు" అని రాసుకున్న ఫైల్ తెచ్చి పెట్టుకుంటే, మన దగ్గర ఎండాకాలమంతా ఫ్యాన్ ఆగకుండా హోరెత్తుతుంది. మనం తప్పించుకోవాలనుకున్నదే జరుగుతుంది. అందుకే మొదటి గీత, అంటే ఫ్యాన్ వేగం మొదటిసారి పెరగాల్సిన డిగ్రీ, మీ ఎండాకాలపు ఖాళీ వేడి కంటే నాలుగైదు డిగ్రీలు పైన ఉండాలి.

పై గీత ఎక్కడ ఉండాలన్నది సులువు. చాలా ఇంటెల్ లాప్‌టాప్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. మీ దాని హద్దు సెన్సర్స్ కమాండ్ బ్రాకెట్లలో చూపిస్తుంది. దానికి కనీసం పది, పదిహేను డిగ్రీల ముందే ఫ్యాన్ పూర్తి వేగంలో ఉండేలా చూసుకోవాలి.

మీ లాప్‌టాప్‌కి ఏ దారి

ఫ్యాన్‌కంట్రోల్, పీడబ్ల్యూఎంకాన్ఫిగ్ అనే జంట గురించి చాలాచోట్ల చదివి ఉంటారు. డెస్క్‌టాప్‌లకి అవి బాగుంటాయి. లాప్‌టాప్‌లో పీడబ్ల్యూఎంకాన్ఫిగ్ నడిపితే చాలాసార్లు తిప్పగలిగిన ఫ్యాన్ ఏదీ దొరకలేదని చెప్పి ఆగిపోతుంది. ఒకసారి నడిపి చూడండి, దొరికితే దానితోనే పని కానివ్వండి.

థింక్‌ప్యాడ్ అయితే థింక్‌ఫ్యాన్. డెల్ అయితే కెర్నల్‌లో ఉన్న డెల్-ఎస్ఎంఎం-హెచ్‌డబ్ల్యూమాన్ మాడ్యూల్, దాంతోపాటు ఐ8కేయుటిల్స్. హెచ్‌పీ, ఏసర్, ఆసుస్, లెనోవో ఐడియాప్యాడ్ లాంటి మిగతా వాటికి ఎన్‌బీఎఫ్‌సీ-లినక్స్. ఇది సీ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాం. పాత ఎన్‌బీఎఫ్‌సీకి లినక్స్ మీద మోనో అనే పెద్ద సరంజామా కావాల్సి వచ్చేది, దీనికి అది అక్కర్లేదు. నాలుగు జీబీ ర్యామ్‌తో నెట్టుకొచ్చే పాత లాప్‌టాప్‌లకి ఇది చాలా తేడా. మన దగ్గర విద్యార్థుల చేతుల్లో ఎక్కువగా కనిపించేవి ఈ రకం లాప్‌టాప్‌లే కాబట్టి దీని మీదే ఎక్కువసేపు ఉంటాను.

రెండు ఫ్యాన్ సర్వీసులు ఒకేసారి నడపొద్దు. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గిస్తుంది.

ఎన్‌బీఎఫ్‌సీ-లినక్స్ పెట్టుకోవడం

డెబియన్, ఉబుంటు కుటుంబానికి దాని గిట్‌హబ్ పేజీలో డెబ్ ప్యాకేజీ దొరుకుతుంది. ఆర్చ్ వాడేవాళ్లకి ఏయూఆర్‌లో ఉంది. ఇన్‌స్టాల్ అయ్యాక మీ మోడల్ పేరు చూడండి:

సుడో డీఎంఐడీకోడ్ -ఎస్ సిస్టమ్-ప్రోడక్ట్-నేమ్

తర్వాత: ఎన్‌బీఎఫ్‌సీ కాన్ఫిగ్ --రికమెండ్

మీ మోడల్ పేరుకి దగ్గరగా ఉన్న సెట్టింగ్ ఫైళ్ల పేర్లు వస్తాయి. ఇక్కడ నిదానం కావాలి. ఇది పేర్లను పోల్చి చూపిస్తుందే తప్ప లోపలి ఈసీని పోల్చదు. పేరు అక్షరం పొల్లుపోకుండా కలిస్తే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. "దాదాపు అదే" అనిపిస్తే ముందు చదవడానికి మాత్రమే వాడి చూడండి:

సుడో ఎన్‌బీఎఫ్‌సీ కాన్ఫిగ్ --సెట్ "మోడల్ పేరు"
సుడో ఎన్‌బీఎఫ్‌సీ స్టార్ట్ -ఆర్
ఎన్‌బీఎఫ్‌సీ స్టేటస్ -ఏ

-ఆర్ పెడితే ఈసీ గడుల్ని చదువుతుంది గానీ ఏమీ రాయదు. ఇప్పుడు లాప్‌టాప్‌కి కాస్త పని పెట్టి, ఫ్యాన్ చప్పుడు పెరిగినప్పుడు స్టేటస్‌లో అంకె కూడా పెరుగుతోందా చూడండి. చప్పుడు తగ్గితే అంకె తగ్గాలి. రెండూ కలిసి నడిస్తే ఆ ఫైల్ సరైన గడినే చదువుతోందని నమ్మొచ్చు. చప్పుడు మారినా అంకె కదలకపోతే, లేదా సంబంధం లేకుండా ఎగిరిపడుతుంటే, ఆ ఫైల్ మీది కాదు. వేరేది చూడండి.

చదవడం సరిగ్గా ఉంటే ఆపి మామూలుగా మొదలుపెట్టి, చేత్తో ఒకసారి తిప్పి చూడండి:

సుడో ఎన్‌బీఎఫ్‌సీ స్టాప్
సుడో ఎన్‌బీఎఫ్‌సీ స్టార్ట్
సుడో ఎన్‌బీఎఫ్‌సీ సెట్ -ఎస్ 80

కొన్ని సెకన్లలో ఫ్యాన్ గట్టిగా తిరగాలి. మొదటి ప్రయత్నం ఎప్పుడూ ఎక్కువ వేగంతోనే చేయండి, తక్కువతో వద్దు. తిరిగాక చార్జింగ్ అవుతోందా, కీబోర్డు పనిచేస్తోందా, వెలుతురు బటన్లు పనిచేస్తున్నాయా చూడండి. అంతా బాగుంటే సుడో ఎన్‌బీఎఫ్‌సీ సెట్ -ఏ అని కొట్టి దాని సొంత లెక్కకి వదిలేయండి.

ఈసీలో రాయడానికి అనుమతి లేదన్న తప్పు వస్తే ఎక్కువగా కారణం సెక్యూర్ బూట్, అంటే నమ్మకం లేని ప్రోగ్రాంలు బూట్‌లో లోడ్ కాకుండా చూసే రక్షణ. అది ఆన్‌లో ఉంటే కెర్నల్ చాలా డిస్ట్రోల్లో (ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ రకాలు) ఇలాంటి హార్డ్‌వేర్ రాతలను అడ్డుకుంటుంది. మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్ అని కొడితే ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది. బయాస్‌లోకి (లాప్‌టాప్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగులు) వెళ్లి దాన్ని ఆపొచ్చు. అయితే అదే లాప్‌టాప్‌లో విండోస్ కూడా ఉండి, బిట్‌లాకర్ (డిస్క్‌కి వేసే తాళం) వేసి ఉంటే, ముందు రికవరీ కీ ఎక్కడైనా రాసి పెట్టుకోండి. లేకపోతే విండోస్ వైపు తలుపు మూసుకుపోతుంది. ఆఫీసు వాళ్లు ఇచ్చిన లాప్‌టాప్ అయితే వాళ్లని అడగకుండా సెక్యూర్ బూట్ ముట్టుకోవద్దు.

అంకెలు ఎలా పెట్టాలి

సెట్టింగ్ ఫైళ్లు /యూఎస్ఆర్/షేర్/ఎన్‌బీఎఫ్‌సీ/కాన్ఫిగ్స్ ఫోల్డర్‌లో జేసన్ రూపంలో ఉంటాయి. మీ మోడల్ ఫైల్‌ని అక్కడే వేరే పేరుతో కాపీ చేసుకోండి, చివర "వేసవి" అని గుర్తుగా ఇంగ్లీషులో పెట్టుకున్నా సరే. అసలు ఫైల్ అలాగే ఉంచండి. ఇంకో కాపీ మీ హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకోండి.

కాపీని ఎడిటర్‌లో తెరిస్తే రీడ్‌రిజిస్టర్, రైట్‌రిజిస్టర్ అని కనిపిస్తాయి. అవి ఈసీ గడుల నంబర్లు. వాటి జోలికి పోవద్దు. మనం మార్చేది టెంపరేచర్‌థ్రెషోల్డ్స్ అనే భాగం ఒక్కటే. అందులో ఒక్కో మెట్టుకి మూడు అంకెలు. అప్‌థ్రెషోల్డ్ అంటే వేడి పెరుగుతూ ఆ డిగ్రీకి చేరితే ఈ మెట్టు ఎక్కుతుంది. డౌన్‌థ్రెషోల్డ్ అంటే వేడి దానికంటే తగ్గితే ఈ మెట్టు దిగుతుంది. ఫ్యాన్‌స్పీడ్ అంటే ఆ మెట్టులో వేగం, నూటికి ఎంత అన్నది. పేర్లలో పెద్దక్షరాలు ఫైల్‌లో ఎలా ఉంటే అలాగే ఉంచాలి.

ఎక్కే అంకె, దిగే అంకె వేరుగా ఎందుకు? మేడ మీద నీళ్ల ట్యాంకుకి పెట్టే ఫ్లోట్ స్విచ్ గుర్తు తెచ్చుకోండి. నీళ్లు బాగా తగ్గాకే మోటారు ఆన్ అవుతుంది, ట్యాంకు నిండాకే ఆగుతుంది. రెండూ ఒకే గీత దగ్గర ఉంటే మోటారు నిమిషానికోసారి ఆన్, ఆఫ్ అవుతూ కాలిపోతుంది. ఫ్యాన్ కూడా అంతే. 60కి ఎక్కి 59కి దిగేలా పెడితే రోజంతా హోరు పెరుగుతూ తగ్గుతూ తల నొప్పి పుట్టిస్తుంది. ఒకే వేగంలో తిరిగే చప్పుడుకి చెవి అలవాటు పడుతుంది, మారుతూ ఉండే చప్పుడుకి పడదు. రెండిటి మధ్య ఆరేడు డిగ్రీల ఎడం ఉంచండి.

మే నెలలో ఏ పనీ లేకుండా 55 డిగ్రీల దగ్గర ఉండే లాప్‌టాప్ అనుకుంటే, నేను ఇలా మొదలుపెడతాను. ప్రతి వరసలో ఎక్కే డిగ్రీ, దిగే డిగ్రీ, వేగం శాతం:

0, 0, 25
60, 54, 40
68, 61, 60
76, 69, 80
84, 77, 100

ఇవి మీకు అలాగే కాపీ చేసుకోవడానికి కాదు, మీ 55 స్థానంలో మీ అంకె పెట్టి మిగతావి జరుపుకోవడానికి. ఫైల్ మొదట్లో క్రిటికల్‌టెంపరేచర్ అని ఒకటి ఉంటుంది. వేడి అది దాటితే మెట్లతో పని లేకుండా ఫ్యాన్ పూర్తి వేగానికి వెళ్లిపోతుంది. దాన్ని 90 దగ్గర ఉంచండి. అది మరీ తక్కువగా, 75 లాంటి అంకె మీద ఉంటే పై మెట్లు రెండూ దండగ.

మొదటి మెట్టులో సున్నా కాకుండా 25 పెట్టడం కావాలనే చేసింది. ఫ్యాన్ పూర్తిగా ఆగి ఉండటం చలికాలం రాత్రి హాయిగానే ఉంటుంది. కానీ సర్వీసు చూసేది ప్రాసెసర్ వేడి ఒక్కటే. ఆ నెమ్మది గాలే లోపల ఎస్‌ఎస్‌డీ, చార్జింగ్ సర్క్యూట్, బ్యాటరీ మీదుగా కూడా పోతుంది. గదే 36 డిగ్రీలున్నప్పుడు ఫ్యాన్ ఆపేస్తే ప్రాసెసర్ అంకె బాగానే కనిపిస్తుంది, పక్కన బ్యాటరీ మాత్రం ఉడుకుతుంది. లిథియం బ్యాటరీకి వేడి కంటే పెద్ద శత్రువు లేదు. మన ప్రాంతంలో మార్చి నుంచి జూన్ దాకా సున్నా మెట్టు వద్దని గట్టిగా చెబుతాను. 25 శాతం దగ్గర కొన్ని ఫ్యాన్లు తిరగవు కూడా, కాబట్టి చేత్తో అంకె తగ్గిస్తూ ఏ శాతం దగ్గర నమ్మకంగా తిరుగుతోందో చూసి దానికంటే కొంచెం పైన పెట్టండి.

ఫైల్ సిద్ధమయ్యాక కాన్ఫిగ్ --సెట్ కమాండ్‌తో కొత్త పేరు ఇచ్చి, సర్వీసు మళ్లీ మొదలుపెట్టండి.

థింక్‌ప్యాడ్ ఉన్నవాళ్లు

సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్‌లు మన దగ్గర చాలామందే కొంటున్నారు, లినక్స్‌కి అవి బాగా సరిపోతాయి కూడా. వీటికి ఈసీ గడుల వెతుకులాట లేదు, కెర్నల్‌లో థింక్‌ప్యాడ్_ఏసీపీఐ డ్రైవర్ ఉంది. అయితే ఫ్యాన్‌ని ముట్టుకోనివ్వదు, మనం అడిగి అనుమతి తీసుకోవాలి. /ఈటీసీ/మాడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో చివర .కాన్ఫ్ ఉండే ఒక ఫైల్ పెట్టి అందులో ఈ ఒక్క వరస రాయండి:

ఆప్షన్స్ థింక్‌ప్యాడ్_ఏసీపీఐ ఫ్యాన్_కంట్రోల్=1

లాప్‌టాప్ రీస్టార్ట్ చేశాక /ప్రోక్/ఏసీపీఐ/ఐబీఎం/ఫ్యాన్ ఫైల్ చదివితే కింద లెవెల్ కమాండ్లు కనిపించాలి. తర్వాత ఏపీటీతో థింక్‌ఫ్యాన్ ఇన్‌స్టాల్ చేసుకోండి. కొత్త వెర్షన్లలో సెట్టింగ్ ఫైల్ యామల్ రూపంలో ఉంటుంది, మూడు భాగాలు: సెన్సర్స్, ఫ్యాన్స్, లెవెల్స్. లెవెల్స్ భాగంలో ప్రతి వరసకీ ఫ్యాన్ లెవెల్, దిగే డిగ్రీ, ఎక్కే డిగ్రీ. ఎన్‌బీఎఫ్‌సీకి ఇది తిరగబడిన వరస కాబట్టి చూసి రాయండి:

- [1, 0, 60]
- [2, 55, 66]
- [3, 60, 72]
- [5, 66, 78]
- [7, 72, 32767]

చివరి 32767 అంటే పైన హద్దు లేదని. ఒక వరస ఎక్కే డిగ్రీ కంటే తర్వాతి వరస దిగే డిగ్రీ తక్కువగా ఉండాలి, మధ్యలో ఖాళీ ఉంటే థింక్‌ఫ్యాన్ ఒప్పుకోదు. సుడో థింక్‌ఫ్యాన్ -ఎన్ అని కొడితే టెర్మినల్‌లోనే నడుస్తూ ఏం చేస్తోందో చెబుతుంది. తప్పులుంటే అక్కడే దొరుకుతాయి.

థింక్‌ప్యాడ్‌లో నాకు బాగా నచ్చేది దాని కాపలా. డ్రైవర్‌లోనే ఒక గడియారం ఉంది. ఫ్యాన్ నడిపే ప్రోగ్రాం నుంచి చెప్పిన గడువులోగా, గరిష్ఠంగా 120 సెకన్లలో, కబురు రాకపోతే ఫ్యాన్‌ని తనంతట తానే సురక్షిత పద్ధతికి మార్చేస్తుంది. మిగతా లాప్‌టాప్‌లకి ఈ కాపలా లేదు. దాన్ని మనమే కట్టుకోవాలి.

డెల్ వాళ్లకి రెండు మాటలు. మాడ్యూల్ లోడ్ అయితే సెన్సర్స్‌లో ఫ్యాన్ కనిపిస్తుంది. వేగాలు సాధారణంగా రెండో మూడో మెట్లే ఉంటాయి: ఆపు, నెమ్మది, గట్టి. చాలా మోడళ్లలో మనం పెట్టిన వేగాన్ని బయాస్ కొన్ని సెకన్లలోనే వెనక్కి లాగేస్తుంది. అలా అయితే దానితో పోరాడకుండా బయాస్‌లోనే థర్మల్ సెట్టింగ్ ఉందేమో చూసి మార్చుకోండి.

సర్వీసు మధ్యలో చచ్చిపోతే

చాలామంది వదిలేసే భాగం ఇదే. సర్వీసు ఫ్యాన్‌ని 25 శాతానికి తగ్గించిన క్షణంలో ఏ కారణం వల్లో ఆగిపోయిందనుకోండి. చాలా మోడళ్లలో ఈసీ ఆ 25 దగ్గరే ఉండిపోతుంది. మీరు వీడియో ఎడిటింగ్ మొదలుపెడతారు, ఫ్యాన్ పెరగదు.

సర్వీసుని సరిగ్గా ఆపితే ఎన్‌బీఎఫ్‌సీ సాధారణంగా ఫ్యాన్‌ని ఆటోకి అప్పగించే వెళుతుంది, ఫైల్‌లో రీసెట్‌రిక్వయర్డ్ అనేది ట్రూ అని ఉంటే. అది ఉందో లేదో చూసుకోండి. హఠాత్తుగా చచ్చిపోతే మాత్రం అప్పగించే అవకాశం ఉండదు. అందుకే లినక్స్‌లో సర్వీసుల్ని మొదలుపెట్టి చూసుకునే సిస్టమ్‌డీకి చెప్పాలి:

సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ ఎన్‌బీఎఫ్‌సీ_సర్వీస్

తెరుచుకున్న ఎడిటర్‌లో సర్వీస్ అనే పేరు స్క్వేర్ బ్రాకెట్లలో పెట్టి, దాని కింద ఈ రెండు వరసలు రాయండి. ఇక్కడ పెద్దక్షరాలు ముఖ్యం, మ్యాన్ సిస్టమ్‌డీ.సర్వీస్ అని కొడితే సరైన రాత కనిపిస్తుంది:

రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్
రీస్టార్ట్‌సెక్=5

రెండో వరస చిన్నదిగా కనిపించినా అదే ముఖ్యం. అది లేకపోతే సిస్టమ్‌డీ సెకనులో పదో వంతుకే మళ్లీ మొదలుపెడుతుంది. పది సెకన్లలో ఐదుసార్లు మొదలైనా నిలవకపోతే ఇక లాభం లేదని శాశ్వతంగా వదిలేస్తుంది. ఐదు సెకన్ల ఎడం ఇస్తే ఆ లెక్క ఎప్పటికీ నిండదు, ప్రయత్నిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు బూట్ అయినప్పుడల్లా మొదలయ్యేలా:

సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ ఎన్‌బీఎఫ్‌సీ_సర్వీస్

నమ్మకం కుదరాలంటే మీరే దాన్ని చంపి చూడండి. సుడో సిస్టమ్‌సీటీఎల్ కిల్ -ఎస్ 9 ఎన్‌బీఎఫ్‌సీ_సర్వీస్ అని కొట్టి, ఐదారు సెకన్ల తర్వాత సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ చూడండి. మళ్లీ యాక్టివ్ అని కనిపించాలి. అదే స్టేటస్‌లో అది ఎంత మెమరీ తింటోందో కూడా ఉంటుంది. నాలుగు జీబీ లాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఆ అంకె చూస్తే మనసు కుదుటపడుతుంది.

మూత మూసి తెరిచాక

లాప్‌టాప్ సస్పెండ్ అయి లేచాక ఈసీ చాలాసార్లు తన పాత పద్ధతికి వెళ్లిపోతుంది, సర్వీసుకి ఆ సంగతి తెలియకపోవచ్చు. మూత మూసి, ఐదు నిమిషాలాగి తెరిచి, స్టేటస్ -ఏ చూడండి. చెప్పిన వేగం, తిరుగుతున్న వేగం కలవకపోతే ఇంకో చిన్న సర్వీసు ఫైల్ /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టాలి. అందులో యూనిట్ భాగంలో ఆఫ్టర్=సస్పెండ్.టార్గెట్ అని, సర్వీస్ భాగంలో టైప్=వన్‌షాట్ అని, ఎగ్జెక్‌స్టార్ట్‌కి సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఎన్‌బీఎఫ్‌సీ_సర్వీస్ అని, ఇన్‌స్టాల్ భాగంలో వాంటెడ్‌బై=సస్పెండ్.టార్గెట్ అని రాయండి. ఇక్కడా పెద్దక్షరాలు ముఖ్యం. సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ చేసి, ఆ కొత్త సర్వీసుని ఎనేబుల్ చేస్తే సరిపోతుంది. థింక్‌ప్యాడ్ వాళ్లకి చాలా డిస్ట్రోల్లో థింక్‌ఫ్యాన్ ప్యాకేజీయే ఈ ఏర్పాటు తెస్తుంది.

మధ్యాహ్నం రెండు గంటల పరీక్ష

చల్లటి ఉదయం చేసిన పరీక్ష పరీక్ష కాదు. ఎండ నడినెత్తి మీద ఉన్నప్పుడు, గదిలో పైన ఫ్యాన్ ఆపేసి, కరెంటు పోయినప్పటి పరిస్థితి తెచ్చి చూడాలి. స్ట్రెస్-ఎన్‌జీ ఇన్‌స్టాల్ చేసుకుని:

స్ట్రెస్-ఎన్‌జీ --సీపీయూ 0 --టైమవుట్ 600ఎస్

ఇది పది నిమిషాలు అన్ని కోర్లకీ పూర్తి పని పెడుతుంది. పక్క టెర్మినల్‌లో సెన్సర్స్ తెరిచి ఉంచి, దగ్గరే కూర్చోండి. వేడి ఎక్కడో ఒకచోట నిలబడాలి. 95 దాటి ఇంకా పైకే పోతుంటే కంట్రోల్-సీ కొట్టి ఆపేయండి, మెట్లు ఐదేసి డిగ్రీలు కిందికి జరపండి. ఫ్యాన్ 100 శాతంలో ఉండి కూడా నిలబడకపోతే మెట్లతో పని లేదు, దుమ్ము, పేస్ట్ దగ్గరికి వెనక్కి వెళ్లాలి.

ఇంటెల్ అయితే ప్రాసెసర్ వేడికి ఎన్నిసార్లు వేగం తగ్గించుకుందో లెక్క ఉంటుంది. /సిస్/డివైసెస్/సిస్టమ్/సీపీయూ/సీపీయూ0/థర్మల్_థ్రాటిల్ ఫోల్డర్‌లో కోర్_థ్రాటిల్_కౌంట్ ఫైల్‌ని పరీక్షకి ముందు, తర్వాత చదవండి. అంకె పెరగకపోతే మీ మెట్లు బాగున్నట్టే.

పరీక్ష అయ్యాక ఫ్యాన్ ఎంతసేపటికి నెమ్మదిస్తుందో కూడా గమనించండి. మరీ ఎక్కువసేపు హోరెత్తుతుంటే దిగే డిగ్రీలు ఒకటి రెండు పెంచండి.

పుట్టే వేడినే తగ్గిస్తే

మెట్లు ఎంత బాగున్నా మన ఎండాకాలంలో చప్పుడు కొంత తప్పదు. అది తగ్గాలంటే వేడి పుట్టడమే తగ్గాలి. ప్రాసెసర్ టర్బో (పని ఎక్కువైనప్పుడు మామూలు కంటే వేగంగా పరిగెత్తే పద్ధతి) ఆపేయడం అన్నిటికంటే పెద్ద తేడా చూపిస్తుంది. ఇంటెల్‌లో /సిస్/డివైసెస్/సిస్టమ్/సీపీయూ/ఇంటెల్_పీస్టేట్/నో_టర్బో ఫైల్‌లో 1 రాస్తే టర్బో ఆగుతుంది, రీబూట్ చేస్తే మామూలు అవుతుంది. ఎప్పటికీ ఉండాలంటే కరెంటు ఆదా చేసే టీఎల్‌పీ అనే ప్రోగ్రాం సెట్టింగుల్లో బూస్ట్‌ని 0 చేయండి. పాఠాలు వినడం, కోడ్ రాయడం, ఆఫీస్ ఫైళ్లు, ఇలాంటి పనులకి తేడా దాదాపు తెలియదు. టీఎల్‌పీ, అదే పని చేసే పవర్-ప్రొఫైల్స్-డీమన్ రెండూ కలిపి ఉంచొద్దు. ఉబుంటులో రెండోది ముందే ఉంటుంది, దాన్ని వాడితే పవర్‌ప్రొఫైల్స్‌సీటీఎల్ సెట్ పవర్-సేవర్ చాలు.

అప్‌డేట్ల తర్వాత

కెర్నల్ అప్‌డేట్ అయ్యాక హెచ్‌డబ్ల్యూమాన్ ఫోల్డర్ల నంబర్లు మారిపోవచ్చు. మీరు సొంతంగా ఏదైనా స్క్రిప్టు రాసుకుంటే అందులో హెచ్‌డబ్ల్యూమాన్3 అని నంబరుతో రాయకుండా, ప్రతి ఫోల్డర్‌లో ఉండే నేమ్ ఫైల్ చదివి కోర్‌టెంప్ ఏదో వెతుక్కునేలా రాయండి. బయాస్ అప్‌డేట్ అయితే ఇంకా జాగ్రత్త, ఈసీ ప్రోగ్రాం కూడా దాంతోపాటే మారుతుంది, గడులు జరిగే అవకాశం ఉంది. బయాస్ అప్‌డేట్‌కి ముందు సర్వీసుని డిసేబుల్ చేయండి. అయ్యాక ఎన్‌బీఎఫ్‌సీ స్టార్ట్ -ఆర్ దగ్గర నుంచి మళ్లీ చూసి, చప్పుడూ అంకే కలిసి నడుస్తున్నాయని తేలాకే తిరిగి ఎనేబుల్ చేయండి.